జత లేని చెట్టు బతికినట్టేనా?

ఫోన్లల్ల "ప్రపంచంల వింత మొక్కలు" అని బొమ్మలు మస్తు తిరుగుతుంటయి. మీటరు వెడల్పు పువ్వు, వెయ్యేండ్లు బతికే రెండాకుల మొక్క, లోకం మొత్తంల ఒక్కటే మిగిలిన చెట్టు. చూస్తం, అబ్బో అంటం, ఇంకొకలకు పంపుతం. అండ్ల తప్పేం లేదు. కాకపోతే ఆ బొమ్మలల్ల మొక్క ఒక్కటే కనబడ్తది. దాని చుట్టుముట్టు ఉన్న మట్టి, పురుగు, ఈగ, తీగ ఏదీ కనబడదు. నన్ను అడిగితే అసలు వింత అంతా ఆడనే ఉన్నది.

ఇయ్యాల నేను చెప్పేది మూడు మొక్కల ముచ్చట. ఒకటి దక్షిణాఫ్రికాది, ఇంకోటి సుమత్రా దీవిది, మూడోది నమీబు ఎడారిది. మూడింటికీ ఒక పోలిక ఉన్నది. మూడింట్ల సుత ఆడది వేరు, మగది వేరు. ఆ మూడింటి సంగతి తెలిసినాంక మన శేషాచలం కొండల మీదున్న ఒక మొక్క కష్టం తొందరగ సమజైతది. ఈ ముచ్చటంతా ఎత్తుకున్నదే దాని కోసం.

పోద్దాడు, పండుతాడు

మొక్కలల్ల ఆడ, మగ అంటే పట్నం పిల్లలకు నవ్వొస్తది గానీ ఊరోళ్లకు ఇది కొత్త కాదు. తాటివనంల గౌడన్నను అడిగితే ఏది పోద్దాడో, ఏది పండుతాడో చూడంగనే చెప్తడు. కల్లు రెండింటికీ పారుతది. ముంజకాయ మాత్రం పండుతాటికే కాస్తది. పోద్దాటికి పూత వస్తది, పుప్పొడి వస్తది, కాయ రాదు. ఈతచెట్లల్ల సుత ఇదే లెక్క.

చానా మొక్కలకు ఈ తిప్పలు లేదు. మందారం, పత్తి, కంది తీసుకోండ్రి, ఒకే పువ్వుల ఆడభాగం, మగభాగం రెండూ ఉంటయి. గుమ్మడి, బీర, మక్కలల్ల పూత వేర్వేరు, కానీ రెండు రకాల పూతా ఒకే మొక్కకు వస్తది. తాడు లెక్క చెట్లకు చెట్లే వేరుపడ్డ రకాలు పూలమొక్కలల్ల నూటికి ఐదారు మించవు.

వేరుపడి ఉండుట్ల లాభం ఉన్నది. తన పుప్పొడి తన మీదనే పడదు కాబట్టి పుట్టే ప్రతి గింజల రెండు చెట్ల గుణాలు కలుస్తయి. తెగులొచ్చినా, కరువొచ్చినా అండ్ల కొన్నన్న తట్టుకుంటయి. నష్టం సుత అంతే పెద్దది. జత దొరకకపోతే గింజ లేదు. చెట్టుకు కాళ్లు లేవు, జతను ఎతుక్కుంట పోలేదు. గాలో, పురుగో, ఈగో నడుమ తిరగాలె. ఆ నడుమ తిరిగేది లేకున్నా, అవతల జత లేకున్నా చెట్టు ఎంత ఏపుగ ఉన్నా దాని వంశం ఆడికే ఆగిపోతది.

నూటా ముప్పై ఏండ్ల ఒంటరి

ఇండ్ల ముంగట కుండీలల్ల సైకస్ అని పెంచుతరు, చూసే ఉంటరు. పొట్టి ఈతచెట్టు లెక్క ఉంటది, నెత్తిన గొడుగు తీరు ఆకులు ఇచ్చుకుంటది. అది సైకడ్ల కుటుంబంది. ఈ కుటుంబం మస్తు పాతది, 25 కోట్ల ఏండ్ల కన్న ముందటి సంది ఉన్నది. డైనోసార్లు తిరిగినప్పుడూ ఉన్నయి, అవి పోయినాంకా ఉన్నయి. వీటికి పువ్వులు పుయ్యవు. నడినెత్తిన పెద్ద మక్కకంకి లెక్క శంకువు వస్తది. మగచెట్టు శంకువుల పుప్పొడి తయారైతది, ఆడచెట్టుకు గింజ కడ్తది. ఒకే చెట్టుకు రెండూ రావు.

1895ల జాన్ మెడ్లీ వుడ్ అనే ఆయన దక్షిణాఫ్రికాల, అప్పటి జులూలాండ్ ప్రాంతంల, ఓన్గోయే అడవి అంచున నిటారు వాలు మీద ఒక సైకడ్ గుంపును చూసిండు. ఆయన డర్బన్ బొటానికల్ గార్డెన్ చూసుకునేటాయన. ఒకే మొదలు చుట్టూ నాలుగు బోదెలు, అన్నీ మగవే. తర్వాత ఆయన పేరు మీదనే దానికి ఎన్సెఫలార్టోస్ వుడై అని పేరు పెట్టిన్రు. అసొంటిది ఇంకోటి ఆ అడవిల ఎవలకూ దొరకలేదు. ఆడచెట్టయితే ఇప్పటి దాకా ఎవలూ చూసింది లేదు.

పిలకలు తీసి డర్బన్‌ల నాటిన్రు. 1899ల ఒకటి లండన్‌ల ఉన్న క్యూ గార్డెన్‌కు పోయింది. 1907ల పెద్ద బోదెలు రెండు తవ్వుకొచ్చిన్రు. 1916 నాటికి అడవిల మిగిలింది ఒక్కటే బోదె, అది సుత దెబ్బతిన్నది. దాన్నీ తీసి ప్రిటోరియాకు తీస్కపోయిన్రు. 1964ల అది సచ్చిపోయింది. అడవిల ఈ చెట్టు కథ 1916లనే ఒడిసింది.

అయితే చెట్టు పోయిందా అంటే పోలేదు. ఇయ్యాల లోకంల ఉన్న గార్డెన్లల్ల ఇసొంటివి వందలున్నయి. అన్నీ ఆ ఒక్క మొదలు పిలకలే. అరటి తోటల తల్లి గడ్డ నుంచి పిలకలు తీసి నాటినట్టు, ఒక్క చెట్టునే వంద జాగలల్ల నాటిన్రు అన్నట్టు. ఒకదానికి తెగులొస్తే అన్నింటికీ వచ్చే ప్రమాదం ఉన్నది, ఎందుకంటే గుణం ఒక్కటే. క్యూ గార్డెన్‌ల ఉన్న చెట్టు 2004ల మొదటిసారి శంకువు పెట్టింది. నూరేండ్లు దాటినాంక వచ్చిన పుప్పొడి అది. పోయేటందుకు దానికి ఇల్లు లేదు.

పరిశోధకులు చేతులు కట్టుకొని కూసోలేదు. దీనికి దగ్గరి చుట్టమైన నటాలెన్సిస్ అనే సైకడ్ ఆడచెట్లతోని కలిపి గింజలు పట్టిస్తున్నరు. ఆ పిల్లలను మళ్ల వుడైతోని కలిపితే పోలిక దగ్గరికి వస్తది. ఎన్ని తరాలు కలిపినా పోలికే దగ్గరికొస్తది గానీ అసలు ఆడచెట్టు రాదు. ఇంగ్లాండుల సౌతాంప్టన్ యూనివర్సిటీ పరిశోధకులు డ్రోన్లు ఎగరేసి, ఆ బొమ్మలను కంప్యూటర్‌కు చూపెట్టి, ఓన్గోయే అడవిల ఆడచెట్టు కోసం ఎతుకుతున్నరు. అడవి 4 వేల హెక్టార్ల దాకా ఉంటది. 2024 నాటికి చూసింది అండ్ల నూటికి రెండు వంతులు సుత లేదు. దొరికితే మంచిదే. కానీ ఈ ఎతుకులాట 1895ల మొదలై ఉంటే ఎట్లుండెనో అని నాకు అనిపిస్తది. అప్పుడు అందరి కన్ను తవ్వి తెచ్చుకునే దాని మీదనే పడ్డది.

ఆకు లేదు, వేరు లేదు, పువ్వు మాత్రం మీటరు

ఇగ సుమత్రాకు పోదాం. అక్కడి అడవుల రఫ్లీసియా ఆర్నాల్డై అనే మొక్క ఉన్నది. లోకంల అన్నింటి కన్న పెద్ద పువ్వు దానిదే. మీటరు వెడల్పు, పది కిలోల దాకా బరువు. ఇంత పువ్వు మోసే మొక్కకు కాండం లేదు, ఆకు లేదు, వేరు లేదు. ద్రాక్ష కుటుంబంల టెట్రాస్టిగ్మా అనే అడవితీగ ఉంటది. రఫ్లీసియా దాని లోపల సన్న దారాల లెక్క పాకి, తీగ రసం తాగి బతుకుతది. అది ఉన్నట్టే బయటికి తెల్వదు. ఒకనాడు తీగ మీద చిన్న గడ్డ లేస్తది. నెలలకు నెలలు ఉబ్బి క్యాబేజీ అంత మొగ్గయితది. తర్వాత ఇచ్చుకుంటది. ఇచ్చుకున్నాంక దాని ఆయుష్షు వారం లోపే.

ఆ వారం రోజులే దానికి పెండ్లి ముహూర్తం. పువ్వు కుళ్లిన మాంసం వాసన కొడ్తది. ఆ వాసనకు ఈగలొస్తయి. మగపువ్వుల దూరిన ఈగ వీపుకు పుప్పొడి అంటుకుంటది. అదే ఈగ ఆడపువ్వుల దూరాలె. అంటే ఆ చుట్టుపక్కల అదే వారం ఆడపువ్వు ఒకటి ఇచ్చుకొని ఉండాలె. అడవి గుబురుగ, మొగ్గలు ఎక్కువగ ఉంటే ఇది జరుగుతది. నడుమ చెట్లు కొట్టి తోటలు పెట్టినకాడ, తీగ తెగినకాడ జరగదు. మొగ్గను తెంపుకొచ్చి కుండీల పెట్టుకుందామంటే సుత కాదు. తీగను కాపాడకుండ పువ్వును కాపాడలేం. అడవిని కాపాడకుండ తీగను కాపాడలేం. 2023ల వచ్చిన ఒక పరిశోధన రఫ్లీసియాల 42 జాతులను లెక్కగట్టి, అండ్ల నూటికి 60 జాతులు అంతరించే తీవ్ర ప్రమాదంల ఉన్నయని చెప్పింది.

ఈ పువ్వు పేరు వెనుక ఇంకో సంగతి సుత ఉన్నది. 1818ల దీన్ని జోసెఫ్ ఆర్నాల్డ్ అనే డాక్టరు కనిపెట్టిండని పుస్తకాలల్ల ఉంటది. మొదలు చూసి ఉరికొచ్చి చెప్పింది ఆయన వెంట ఉన్న మలయ్ నౌకరు. పువ్వుకు మాత్రం ఆర్నాల్డ్ పేరు, అక్కడి ఇంగ్లీషు అధికారి రాఫెల్స్ పేరు వచ్చినయి. నౌకరు పేరు ఎవలకూ యాదికి లేదు. ఆ అడవిల తరతరాల సంది బతికేటోళ్లకు అది కొత్త పువ్వేం కాదు.

ఇప్పుడు పడమటి సుమత్రా ఊర్లల్ల కొందరు తమ జాగల మొగ్గ లేస్తే చుట్టూ దడి కట్టి, చూడొచ్చినోళ్ల దగ్గర పైసలు తీసుకుంటరు. పువ్వు ఉంటేనే పైసలొస్తయి కాబట్టి తీగను కొట్టరు. ఊరోళ్లకు లాభం ఉంటే కాపలా వాళ్లే కాస్తరు అనేటందుకు నాకు ఇంతకన్న మంచి సాక్ష్యం కనబడలేదు.

రెండాకుల మొండి మొక్క

మూడోది వెల్విచియా. నమీబియా, అంగోలా దేశాల సముద్రం ఒడ్డు ఎడారిల ఉంటది. ఆడ ఏడాది మొత్తం మీద పడే వాన చానా జాగలల్ల 100 మిల్లీమీటర్లు సుత దాటదు. మన దగ్గర రెండు దినాలు గట్టి ముసురు పడితే అంత వాన. సముద్రం మీదికెల్లి మంచు పొగ వస్తది, అంతే. ఫ్రీడ్రిఖ్ వెల్విచ్ అనే ఆయన 1859ల అంగోలాల దీన్ని చూసిండు.

దీనికి పుట్టినకాడికెల్లి సచ్చేదాక ఆకులు రెండే. అవి రాలవు, కొత్తవి రావు. మొదలు కాడ పెరుగుతనే ఉంటయి, కొసలు గాలికి, ఇసుకకు చీరుకపోతుంటయి. చూసేటోనికి చింపిరి గుడ్డల కుప్ప లెక్క అనిపిస్తది. కొన్ని మొక్కలు వెయ్యేండ్ల కన్న ఎక్కువ బతికినయని లెక్కగట్టిన్రు. ఆఫ్రికాన్స్ భాషల దీనికి ఉన్న పేరుకు అర్థం "సావలేని రెండాకులది" అని. నమీబియా దేశం తన రాజముద్రల పెట్టుకున్నది.

ఇంత మొండిదానికి సుత జత కావాలె. మగమొక్క శంకువులు వేరు, ఆడమొక్క శంకువులు వేరు, నడుమ ఈగల లాంటి పురుగులు తిరగాలె. గింజ కట్టినా ఒక బూజు పట్టి చానా మట్టుకు పాడైతయి. మంచిగున్న గింజ మొలకెత్తాల్నంటే వాన పడాలె, మొలక నిలబడాల్నంటే ఇంకింత వాన పడాలె. ఎడారిల అట్లాంటి ఏడు ఎప్పుడో ఒకసారి వస్తది. అందుకే వెల్విచియాకు దీర్ఘాయుష్షు అంటే ఓపిక పట్టుడన్నట్టు. మంచి ఏడు వచ్చేదాక నిలబడి ఎదురుచూస్తది. అంగోలాల యుద్ధకాలం నాడు పాతిన మందుపాతరల భయానికి మనుషులు పోక, అక్కడి మొక్కలు బాగున్నయని అంటరు. మొక్కకు మనిషి కన్న మందుపాతరే నయమైందంటే ఏమనాలె?

సావలేదు గదా అనే మాట

ఈ మూడు కథలు ఎందుకు చెప్పిన్నంటే, మొక్కల విషయంల మన కన్ను మనలను మోసం చేస్తది. పులి పోతే అడవి బోసిగ కనబడ్తది. చెట్టు అట్ల కాదు. జత పోయినా, పురుగు పోయినా, ఒక్క గింజ మొలవకున్నా పాత చెట్టు నూరేండ్లు పచ్చగనే నిలబడి ఉంటది. చూసినోడు "ఉన్నది గదా" అంటడు. పెద్ద చెట్లున్నయా అని కాదు, వాటి కింద మొలకలున్నయా అని చూడాలె. ముసలోళ్లే మిగిలిన ఊరు లెక్కనే అది సుత.

అరుదైన మొక్కకు ఇంకో గండం ఉన్నది. అరుదు అని తెలిసినకొద్దీ ధర పెరుగుతది, ధర పెరిగినకొద్దీ దొంగలొస్తరు. దక్షిణాఫ్రికాల సైకడ్లను రాత్రికి రాత్రి తవ్వుకొని పోతరు. 2014ల కేప్‌టౌన్‌ల పేరున్న కిర్స్టెన్‌బాష్ గార్డెన్ నుంచే 24 సైకడ్లు దొంగలపాలైనయి. పశువులకు పెట్టినట్టు చెట్ల బోదెలల్ల చిప్పులు పెట్టుకునే కాలం వచ్చింది. కొనేటోళ్లు ఎవలు? చెట్లంటే పాణం అని చెప్పుకునేటోళ్లే. ఎర్రచందనం కథ తెలిసిన మనకు ఇది కొత్తగ చెప్పే పని లేదు.

శేషాచలంల మనదే ఒక సైకడ్

అదే ఎర్రచందనం పెరిగే శేషాచలం కొండల మీద, తిరుమల చుట్టుపక్కల, సైకస్ బెడ్డోమై అనే సైకడ్ ఉన్నది. మద్రాసు ప్రెసిడెన్సీల అడవి అధికారిగ చేసిన బెడ్డోమ్ పేరు దానికి పెట్టిన్రు. ఇది తూర్పు కనుమలల్ల ఆ కొండల చుట్టుపక్కల తప్ప లోకంల ఇంకెక్కడా అడవిల పెరగదు. రాతి వాలుల మీద, గడ్డి నడుమ, పొట్టిగ ఉంటది. మగచెట్టుకు నడినెత్తిన శంకువు వస్తది. ఆడచెట్టుకు చిన్న ఆకుల లెక్కటి రేకులు వచ్చి, వాటి అంచుల పొంటి గింజలు కడ్తయి. ప్రపంచ దేశాలు కలిసి రాసుకున్న సైటిస్ ఒప్పందంల దీన్ని మొదటి పట్టికల పెట్టిన్రు. పులి ఉన్న పట్టిక అది. అంటే దేశం దాటించి అమ్మకం, కొనుకం బంద్ అన్నట్టు.

ఎర్రచందనం పేరు తెల్వనోడు లేడు, ఈ చెట్టు పేరు ఎంతమందికి తెలుసు? తెలిసినోళ్లు దాన్ని మందుగ ఎరిగినోళ్లే. దీని మగ శంకువులను బలానికి వాడే మందులల్ల కలుపుతరు. అందుకే పుప్పొడి రాలకముందే తెంపుకపోతుంటరు. ఇప్పుడు ఓన్గోయే చెట్టును యాది చేసుకోండ్రి. దానికి ఆడచెట్టు లేక వంశం ఆగింది. మన దగ్గర ఆడ, మగ రెండూ ఉన్నయి. నడుమ పుప్పొడిని మనమే ఎత్తుకపోతున్నం. శంకువు తెంపితే చెట్టు సావదు, నిజమే. సావదు కాబట్టే నష్టం ఎవలి లెక్కలకూ ఎక్కదు. ఆడచెట్టు ఆ ఏడు వట్టిగనే పోతది. ఆ పైన ఎండకాలం కార్చిచ్చులు వచ్చి ఉన్న మొలకలను కాలుస్తయి.

నేను దీనికి అడవి మీద బతికేటోళ్లను తప్పుపట్టను. శంకువు తెంపి గంపకెత్తినోనికి దక్కేది కూలి పైసలే. అడగాల్సింది కొనేటోళ్లను, మందు చేసేటోళ్లను. పుప్పొడి రాలినాంక ఎండిన శంకువు మందుకు పనికొస్తదా? పనికొస్తే అదే తీసుకోండ్రి. పచ్చిదే కావాల్నంటే నర్సరీలల్ల మగచెట్లు పెంచి వాటి నుంచి తీసుకోండ్రి. ఆయుర్వేదం చదివినోళ్లు, అడవిశాఖోళ్లు కూసొని తేల్చాల్సిన ముచ్చట ఇది.

చట్టాలు లేవా అంటే ఉన్నయి. 1989 సంది అక్కడ శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు ఉన్నది. 2010ల శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వుగ ప్రకటించిన్రు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి ఊరికి కమిటీ ఉండాలె, ఆ ఊరి మొక్కలు, జీవాల లెక్కలు ప్రజల రిజిస్టర్‌ల రాయాలె. ఆ రిజిస్టర్ల పేరు రాస్తే సరిపోదు. ఏ వాలు మీద మగచెట్లు ఎన్ని, ఆడచెట్లు ఎన్ని, మొలకలు ఎన్ని, ఏడాదికోసారి లెక్కబెట్టాలె. ఆ పని చేసేటందుకు కొండ కింది ఊర్ల పోరగాండ్లకే కూలి కట్టియ్యాలె. చెట్టు ఆనవాలు వాళ్లకే తెలుసు. సుమత్రాల మొగ్గకు దడి కట్టినోళ్ల తీరుగ, చెట్టు బతికితే తమకూ ఇంత దక్కుతదని తెలిస్తే కాపలాకు వేరే మనిషి అక్కర లేదు.

ఓన్గోయేల ఆడచెట్టు దొరకాల్నని డ్రోన్లు ఎగరేస్తున్నరు, యంత్రాలు పెడ్తున్నరు. శేషాచలంల ఆ ఖర్చు అక్కర లేదు. ఆడచెట్టు ఆడనే ఉన్నది, మగచెట్టు దాని పక్క వాలు మీదనే ఉన్నది. శంకువును పుప్పొడి రాలేదాక చెట్టు మీద ఉంచితే చాలు.